ముఖం ఇటుకది, ఇల్లు కలపది: సఫోక్‌లోని ఒక ఫార్మ్‌హౌస్ మరమ్మతు కేస్ స్టడీ

తూర్పు ఇంగ్లాండ్‌లోని సఫోక్ కౌంటీ నడిబొడ్డున, బరువైన బంకమట్టి పొలాల మధ్య ఉన్న ఇల్లు ఇది. యజమానుల కోరిక మీద ఊరి పేరు, ఇంటి పేరు ఇవ్వడం లేదు. గ్రేడ్ 2 లిస్టెడ్ భవనం, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాలో చేర్చి రక్షణ ఇచ్చిన ఇల్లు. దారి మీంచి చూస్తే నడుమ తలుపు, అటూ ఇటూ వరసగా కిటికీలు, పద్నాలుగు మీటర్ల పొడవున ఎర్ర ఇటుక ముఖం కనిపిస్తాయి. 18వ శతాబ్దం చివర్లో ఒక్కసారిగా కట్టేసిన ఇల్లే అని ఎవరైనా అనుకుంటారు.

యజమానుల ఫిర్యాదులు మూడు. ముందు గోడ పై అంతస్తు నేల మట్టం దగ్గర బయటికి ఉబ్బింది. కింది మీటరు ఎత్తులో ఇటుకల ముఖాలు రేకులుగా ఊడి పడుతున్నాయి. ఎడమవైపు గదిలో ఏడాది పొడుగునా చెమ్మ. వాళ్ల చేతిలో అప్పటికే రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి ముందు గోడంతా విప్పి మళ్లీ కట్టడానికి, రెండోది గోడ అడుగున రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించడానికి. రెండిట్లో ఏదీ చేయలేదు. మూడు ఫిర్యాదులకూ మూలం గోడ లోపల, ఎవరికీ కనబడని ఒక కుళ్లిన దూలం దగ్గర ఉంది.

ఇంటిని చదవడం

మొదటి అనుమానం చిమ్నీ దగ్గర పుట్టింది. తలుపు తీయగానే హాలు రావాలి. ఇక్కడ ఎదురుగా ఇటుక దిమ్మె వస్తుంది. చిన్న లాబీ, దానికి ఎడమ ఒక గది, కుడి ఒక గది, వెనక చిమ్నీ, ఆ చిమ్నీని ఆనుకుని మెట్లు. లాబీ ఎంట్రీ అంటారు ఈ ప్లాన్‌ని. ఈ ప్రాంతపు రైతు ఇళ్లలో 16వ శతాబ్దం చివరి నుంచి 17వ శతాబ్దమంతా ఇదే నడిచింది. 18వ శతాబ్దపు జార్జియన్ శైలి ముఖానికి ఈ ప్లాన్ పొసగదు. జార్జియన్ మేస్త్రీకి స్వేచ్ఛ ఉంటే రెండు చిమ్నీలను రెండు చివర్లకి తోసి, నడుమ వెడల్పాటి నడవా పెట్టేవాడు. మధ్యలో దిమ్మె మిగిలిపోయిందంటే ముఖం తర్వాత వచ్చిందన్నమాట.

రెండో ఆధారం కిటికీ దగ్గర దొరికింది. ముందు గోడ ఫ్లెమిష్ బాండ్. ఒకే వరసలో ఒక ఇటుక పొడవుగా, పక్కది తలగా, మళ్లీ పొడవుగా. మన పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్లందరూ ఇంగ్లీష్ బాండ్, ఫ్లెమిష్ బాండ్ బొమ్మలు గీసే ఉంటారు. ఆ బొమ్మ ప్రకారం ఫ్లెమిష్ బాండ్ కనబడితే గోడ కనీసం తొమ్మిది అంగుళాల మందం ఉండాలి, తల ఇటుక గోడ లోపలిదాకా వెళ్లి రెండు పొరల్నీ పట్టి ఉంచాలి. ఇక్కడ రాలిపోయిన ఒక తల ఇటుకని చేత్తో లాగితే మొత్తం 108 మిల్లీమీటర్లకే బయటికి వచ్చేసింది. సగానికి విరగ్గొట్టి పెట్టిన ఇటుక అది. ముఖం మీద ఉన్న తల ఇటుకలన్నీ అలాంటివే. బాండ్ అంతా పైకి వేసిన ముగ్గే, లోపలికి పట్టు ఏమీ లేదు.

పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రంలోంచి ఎండోస్కోప్, అంటే సన్నటి గొట్టం కెమెరా, దింపితే గోడ కోత తేలింది. బయట 108 మి.మీ. ఇటుక, దాని వెనక సుమారు 40 మి.మీ. సందు, ఆ తర్వాత 130 మి.మీ. ఓక్ నిలువు కొయ్యలు, లోపల సున్నపు గిలాబా. మొత్తం 300. ఇంటి బరువు మోస్తున్నది ఓక్ చట్రం. ఇటుక దానిమీద తొడిగిన కోటు మాత్రమే.

ఈ పద్ధతి అరుదేమీ కాదు. వుల్వర్‌హాంప్టన్ దగ్గరున్న మోస్లీ ఓల్డ్ హాల్, అంటే 1651లో వూస్టర్ యుద్ధంలో ఓడిన రెండో చార్లెస్ తలదాచుకున్న ఇల్లు, 1600 ప్రాంతంలో కలపతో కట్టినదే. 1870 ప్రాంతంలో దాని చుట్టూ ఇటుక కట్టేశారు. ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉన్న ఆ ఇంటి బయటి ముఖం చూసి లోపలి వయసు చెప్పడం కష్టం. సఫోక్, నార్ఫోక్, ఎసెక్స్ కౌంటీల్లో ధాన్యం ధర బాగున్న కాలాల్లో రైతులు ఊరి దారివైపు ముఖానికి ఇటుక తొడిగించుకుని, పెరటివైపు పాత గిలాబాని అలాగే వదిలేశారు. ఈ ఇంటి వెనక గోడ ఇప్పటికీ కలప మీద సున్నమే.

ఇటుక కొలతలు కూడా అదే కథ చెప్పాయి, కానీ వాటిని అతిగా నమ్మకూడదు. తూర్పు గేబుల్ గోడ, అంటే పైకప్పు వాలు కింద త్రికోణంగా లేచే పక్క గోడ, నిజమైన ఇటుక గోడ. తొమ్మిది అంగుళాల మందం, ఇంగ్లీష్ బాండ్, ఇటుక మందం 57 మి.మీ., నాలుగు వరసలకి 268 మి.మీ. ముందు ముఖంలో ఇటుక 225 × 108 × 65, నాలుగు వరసలకి 300. లండన్ టైలర్స్ అండ్ బ్రిక్‌లేయర్స్ కంపెనీకి, అంటే పెంకులు, ఇటుకలు పేర్చే మేస్త్రీల సంఘానికి, 1571లో ఇచ్చిన చార్టర్‌లో ఇటుక మందం రెండుంపావు అంగుళాలు, అంటే ఈ గేబుల్ కొలతే. 1784లో ఇటుక పన్ను వచ్చింది, వెయ్యికి రెండు షిల్లింగుల ఆరు పెన్సులు. లెక్క ఇటుకల సంఖ్య మీద కాబట్టి కొందరు బట్టీదారులు సైజు పెంచేశారు. అందుకే 1803లో 150 ఘనపు అంగుళాలు దాటిన ఇటుకకి పన్ను రెట్టింపు చేశారు. 1850లో పన్నే ఎత్తేశారు. మందం చూసి దశాబ్దం చెప్పేసే వాళ్లుంటారు. పల్లె బట్టీలో అచ్చు పెట్టె అరిగేదాకా వాడతారు, పాత ఇటుకని రెండోసారి కూడా వాడతారు. అన్నీ కలిపి చూస్తే ఇక్కడ చట్రం 1600కి అటూ ఇటూ, గేబుల్ 17వ శతాబ్దం చివర, ముఖం 18వ శతాబ్దం చివర అనడానికి అభ్యంతరం లేదు.

గేబుల్ దగ్గర ఒక్క మాట. పైకప్పు వాలు వెంట ఇటుకల్ని వాలుకి లంబంగా తిప్పి, త్రికోణాలుగా లోపలికి గుచ్చుతూ కట్టారు. టంబ్లింగ్ అంటారు. గేబుల్ అంచున ఇటుకని ఏటవాలుగా నరికితే లోపలి మెత్తటి భాగం వానకి తగులుతుంది, టంబ్లింగ్‌లో కాలిన ముఖమే పైకి వస్తుంది. నెదర్లాండ్స్ నుంచి తూర్పు తీరానికి వచ్చిన పనితనం. మూడు వందల ఏళ్లు దాటినా అందులో ఒక్క ఇటుక కదల్లేదు. ఈ ఇంట్లో అన్నిటికన్నా మంచి ఇటుక పని ఇదే, అందుకే దాని జోలికి పోలేదు.

ఏం చెడింది, ఎందుకు

ముందు గోడ మీద ఏడు చోట్ల ప్లంబాబ్ (తూకపు గుండు) వేలాడదీసి, ప్రతి 300 మి.మీ.కి దూరం కొలిచాం. ఉబ్బు 2.6 మీటర్ల ఎత్తులో గరిష్ఠంగా 55 మి.మీ. పైకప్పు అంచు దగ్గర గోడ మళ్లీ దాదాపు నిలువుకే వచ్చింది. గోడ మొత్తం బయటికి వాలుతుంటే పై అంచులో ఎక్కువ తేడా రావాలి. నడుమ మాత్రమే ఉబ్బిందంటే పై నుంచి ఎవరో నొక్కుతున్నారని అర్థం.

నొక్కుతున్నది చట్రమే. ఎడమ గది ముందు గోడలో నిలువు కొయ్యలు కూర్చున్న అడుగు దూలం 3.2 మీటర్ల పొడవున కుళ్లిపోయింది. స్క్రూడ్రైవర్ పెడితే పిడిదాకా దిగింది. దానితో చట్రం ఆ మేర 20 మి.మీ. కిందికి కుంగింది. కిటికీ చట్రాలు ఇటుకకీ కలపకీ రెండిటికీ బిగించి ఉండటం వల్ల కుంగిన చట్రం బరువు కొంత కిటికీల ద్వారా ఇటుక మీదికి మళ్లింది. నాలుగున్నర అంగుళాల పొర, వెనక పట్టులేనిది, మోయాల్సిన పని లేని బరువు మోస్తే నడుమ వంగక ఏం చేస్తుంది? మొదట్లో ఆ పొరని కొయ్యలకి కట్టిన ఇనుప పట్టీలు కొన్ని దొరికాయి, తుప్పుపట్టి పొరలు విప్పుకున్నాయి. పై అంతస్తు జాయిస్టులు, అంటే నేలని మోసే కలప దూలాలు, ముందు గోడకి సమాంతరంగా ఉన్నాయి, కాబట్టి నేల నుంచి కూడా గోడకి ఆసరా లేదు.

దూలం ఎందుకు కుళ్లింది? మూడు పనులు కలిసి. ముందు వాకిలి మీద తరతరాలుగా కంకర పోసి, చివర్లో తారు వేయడంతో నేల 250 మి.మీ. పెరిగింది, అడుగు దూలం నేల మట్టం కిందికి వెళ్లింది. ఎడమ గదిలో పాత నేల తీసేసి ప్లాస్టిక్ షీటు పరిచి కాంక్రీటు పోశారు. అంతకుముందు గది నేలంతా ఆవిరై పోయే చెమ్మ ఇప్పుడు అంచుల దగ్గరే, అంటే దూలం దగ్గరే, పైకి రావాల్సి వచ్చింది. మూడోది, ముఖం మీద కింది మీటరున్నర సిమెంటు పాయింటింగ్, అంటే ఇటుకల మధ్య జాయింట్లని పైనుంచి సిమెంటుతో నింపడం.

ఈ మూడోదాన్ని దగ్గర్నుంచి చూడాలి. తలుపుకి ఎడమ పక్క, మోకాలి ఎత్తులో, సిమెంటు గీతలు గోడ బయటికి గళ్లలా పొడుచుకు వచ్చాయి, ఇటుకలు వాటి మధ్య 15 నుంచి 20 మి.మీ. లోతున తినేసి ఉన్నాయి. వేలితో రాస్తే ఎర్ర పొడి రాలుతుంది, కింద తెల్లటి ఉప్పు పూత. సున్నపు జాయింట్ ఉన్న చోట గోడలో తడి జాయింట్ గుండా బయటికి పోతుంది, ఉప్పు కూడా అక్కడే తేలుతుంది, ముందు జాయింటే అరుగుతుంది. యాభై, వందేళ్లకి ఒకసారి దాన్ని మార్చుకోవచ్చు. సిమెంటు జాయింట్ తడిని పోనివ్వదు, దాంతో తడి మెత్తటి ఇటుక ముఖం గుండానే పోవాలి. ఉప్పు ఇటుక చర్మం కింద గట్టిపడి దాన్ని తోసేస్తుంది, చలికాలంలో అదే తడి గడ్డకట్టి మిగతా పని పూర్తి చేస్తుంది.

కరెంటు మీటరుతో గోడ తడి కొలిచి రసాయనం అమ్మేవాళ్లు ఇక్కడ కూడా ఉన్నారు. ఉప్పున్న గోడలో ఆ మీటరు ఎండిన చోట కూడా ఎర్ర గీత చూపిస్తుంది. కలపలో దాన్ని నమ్మొచ్చు, ఇటుకలో కాదు. ఇక్కడ గోడలోంచి పొడి తీసి, అందులోని తడిని రసాయన చర్యతో కొలిచే కార్బైడ్ మీటరులో కొలిచాం. రసాయన ఇంజెక్షన్ ఈ గోడలో ఏ పొరకి ఎక్కించాలో చెప్పమంటే కొటేషన్ ఇచ్చినవాళ్ల దగ్గర జవాబు లేదు. 108 మి.మీ. ఇటుక తర్వాత ఖాళీ సందే కదా.

పని వరస

ఇక్కడ వరస ముఖ్యం. ముఖాన్ని చట్రానికి కట్టేయాలంటే ముందు చట్రం గట్టిగా ఉండాలి. చట్రం గట్టిగా ఉండాలంటే అడుగు దూలం మార్చాలి. దూలం మారిస్తే మళ్లీ కుళ్లకూడదు, కాబట్టి నీళ్లు ముందు. అన్నిటికన్నా ముందు అనుమతి. 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం కింద అనుమతి లేకుండా స్వరూపం మార్చడం క్రిమినల్ నేరం, గ్రేడ్ 2 అయినా అంతే. అటకలో గబ్బిలాల రెట్టలు కనబడ్డాయి, గబ్బిలాలకి అక్కడ చట్టరక్షణ ఉంది కాబట్టి సర్వే అయ్యేదాకా పైకప్పు ముట్టుకోలేదు.

నీళ్లు: వాకిలి తారు తీసి నేలని 250 మి.మీ. దించాం, గోడ నుంచి బయటికి వాలు ఇచ్చాం. గోడ పక్కన కంకర కాలవ తవ్వేవాళ్లు ముందు పునాది లోతు చూడాలి. ఈ ముఖానికి పునాది అంటే మూడు వరసల ఇటుక, కొత్త నేల మట్టం నుంచి కష్టంగా 300 మి.మీ. ఆ బంకమట్టిలో పునాది పక్కనే అంతకన్నా లోతు తవ్వితే గోడ కూర్చుంటుంది. అందుకే కాలవని గోడకి మీటరు దూరంలో పెట్టి పాత గుంటలోకి వదిలాం. గట్టర్లు, దిగుడు పైపులు పోత ఇనుమువే కొత్తవి వేశాం.

నేల: కాంక్రీటు పగలగొట్టి తీశాక, ఉబ్బిన మట్టి గుళికలు 150 మి.మీ., వాటి కిందా మీదా జియోటెక్స్‌టైల్ (నీళ్లు పోనిచ్చే గట్టి బట్ట), ఆపైన నీళ్లతో కూడా గట్టిపడే సహజ హైడ్రాలిక్ సున్నం ఎన్‌హెచ్‌ఎల్ 5తో (అంకె పెరిగితే గట్టిదనం పెరుగుతుంది) 100 మి.మీ. లైమ్‌క్రీట్, అంటే సున్నపు కాంక్రీటు. ప్లాస్టిక్ షీటు లేదు. పైన పామెంట్లు, అంటే ఈ ప్రాంతపు మట్టి పలకలు, సున్నపు పడక మీద. పామెంట్ల మీద సీలర్ పూస్తే చేసిన పనంతా వృథా, అందుకే అది స్పెసిఫికేషన్‌లోనే రాసిపెట్టాం.

అడుగు దూలం: ఇటుక ముఖాన్ని విప్పకుండా పని అంతా గది లోపలి నుంచే జరిగింది. గిలాబా కిందిభాగం తీసి, పై దూలాన్ని యాక్రో ప్రాప్‌లతో (ఎత్తు సర్దుకునే ఉక్కు ఆసరాలతో) పట్టి, కుళ్లిన దూలాన్ని మీటరు ముక్కలుగా కోసి తీశారు. కొత్తది గాలికి ఆరిన ఓక్, 150 × 130. రెండు చివర్లా పాత మంచి కలపతో స్కార్ఫ్ జాయింట్ (కొసలు కోసి ఒకదానిమీద ఒకటి అతికే జాయింట్) చేసి స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించారు. ఓక్‌లోని టానిన్ మామూలు ఉక్కుని తినేస్తుంది, కాబట్టి ఒక్క మేకు కూడా మామూలుది కాదు. నిలువు కొయ్యలు పైకి ఎత్తే వీల్లేదు కనుక వాటి మొదళ్లకి జారుడు టెనన్‌లు, అంటే గాడిలో కూర్చునే కలప నాలుకలు, పక్కనుంచి దూర్చారు. దూలం కింద స్లేటు ముక్కలు పెట్టి గట్టిగా బిగించి సున్నంతో నింపారు. కుంగిన 20 మి.మీ.ని పైకి లేపాలని యజమానులు అడిగారు. లేపితే ఏళ్ల తరబడి ఆ వంకరకి అలవాటు పడ్డ కిటికీలు, గిలాబా, తలుపులు అన్నీ పగులుతాయి. ఉన్న చోటే ఆపేశాం. కిటికీ చట్రాల పైన ఇటుకని నొక్కుతున్న చోట మాత్రం సన్నటి సందు కోసి బరువు విడిపించాం.

ఉబ్బు: తిరిగి కట్టకూడదని నిర్ణయం. కారణం ఆగిపోయాక 55 మి.మీ. ఉబ్బు దానంతట అది పెరగదు. విప్పితే మెత్తటి పాత ఇటుకలో మూడోవంతు పగిలిపోతుంది, కిటికీల పైనున్న రుద్దిన ఇటుక ఆర్చీలు మళ్లీ అలా కుదరవు. 8 మి.మీ. స్టెయిన్‌లెస్ హెలికల్ టైలతో (మరలా మెలితిరిగిన కడ్డీలతో) ముఖాన్ని కొయ్యలకి కట్టాం. కొయ్యలు 450 మి.మీ. దూరంలో ఉన్నాయి, ఒకటి విడిచి ఒకదానికి, నిలువుగా ప్రతి 450 మి.మీ.కి. చదరపు మీటరుకి రెండున్నర లెక్కన సుమారు 150 టైలు. రంధ్రం జాయింట్‌లోనే వేయాలి, ఇటుకలో కాదు. కొయ్య నడిమికి తగలాలంటే లోపల గిలాబా మీద కొయ్యల గీతలు గీసి బయటికి కొలతలు తేవాలి. పై నేల దగ్గర 30 × 5 మి.మీ. స్టెయిన్‌లెస్ పట్టీలు, ఒక్కొక్కటి మూడు జాయిస్టుల మీదుగా, మధ్యలో అడ్డ చెక్కలు బిగించి, చట్రాన్ని నేలకి కట్టాయి.

పాయింటింగ్: సిమెంటు ఉన్నది కింది మీటరున్నరలోనే. ముఖమంతా చేయించాలన్న మోజు ఆపాల్సి వచ్చింది. పైన ఉన్న పాత సున్నం ఇంకా గట్టిగానే ఉంది, దాన్ని తీయడానికి కారణం లేదు. సిమెంటు తీయడానికి యాంగిల్ గ్రైండర్ నిషేధం. నిలువు జాయింట్ దగ్గర అది తప్పకుండా పై, కింది ఇటుకల్ని కోస్తుంది. జాయింట్ నడుమ వరసగా చిన్న రంధ్రాలు వేసి, సన్నటి ఉలితో ఇటుక వైపు నుంచి జాయింట్ నడుమకి కొడితే సిమెంటు ముక్కలుగా వస్తుంది. లోతు 25 మి.మీ., అంటే జాయింట్ వెడల్పుకి రెండున్నర రెట్లు. కొన్ని చోట్ల సిమెంటు ఇటుక అంచుని పట్టుకుని వస్తుంటే అక్కడ ఆపేయమన్నాం.

సున్నం విషయంలో హైదరాబాద్ పాత కట్టడాల్లో గానుగ సున్నం, డంగు సున్నం చూసినవాళ్లకి కొత్తగా చెప్పేది తక్కువే. తేడా చలి దగ్గర. పైభాగానికి నీళ్లలో మగ్గబెట్టిన సున్నం ముద్ద ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. నేలకి దగ్గరున్న ఐదు వరసలకి ఎన్‌హెచ్‌ఎల్ 2, ఒకటికి రెండున్నర. ఎన్‌హెచ్‌ఎల్ 5 ఇక్కడ వాడితే సిమెంటుతో వచ్చిన చిక్కే కొంత తిరిగొస్తుంది. ఇసుక గరుకుది, రకరకాల గింజలున్నది కావాలి, పెద్ద గింజ జాయింట్‌లో మూడోవంతు మించకూడదు. చదరపు మీటరుకి సుమారు నాలుగున్నర లీటర్లు పడుతుంది, వృథాతో ఆరు లెక్క వేసుకోవాలి.

జాయింట్ ముందు బాగా తడపాలి. పొడి ఇటుక సున్నంలోని నీళ్లు లాగేస్తే అది గట్టిపడదు, గోరుతో గీస్తే ఇసుకలా రాలుతుంది. నింపాక మర్నాడు, గోరు కొద్దిగా మాత్రమే దిగే సమయానికి, గట్టి బ్రష్‌తో కొట్టి లోపలికి కుదించాలి. దాంతో పైన పాల పొర పోయి గింజలు తేలతాయి, ఆవిరికి దారి దొరుకుతుంది. తాపీతో నున్నగా రుద్దితే చూడ్డానికి బాగుంటుంది, పైన చర్మం కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. పైన తడి గోనెపట్టాలు వారం పైగా. ఐదు డిగ్రీల కింద పని లేదు, సెప్టెంబర్ చివరికి బ్రష్‌లు కడిగేయడమే. సున్నం ముద్ద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనే గట్టిపడుతుంది, అందుకు నెలలు పడుతుంది. ఒక మూల చిన్న ముక్క విరిచి ఫినాఫ్తలిన్ చల్లితే గులాబీ రంగు వచ్చిన మేర ఇంకా పచ్చిగా ఉందని అర్థం.

ఇటుకలు: పూర్తిగా పోయినవి 140. అందులో 60కి పైగా వెనక ముఖం బాగానే ఉండటంతో తిప్పి పెట్టాం. మిగతావి చేత్తో అచ్చుపోసిన కొత్తవి, పాత కొలతకే చేయించినవి. ఇప్పటి మామూలు ఇటుక 215 × 102.5 × 65, పొడవులో సెంటీమీటరు తక్కువ. అది పెడితే నిలువు జాయింట్లు లావై అతుకులా కనబడతాయి. పాత ఇటుకల గుట్టల్లోంచి కొనమని చాలామంది సలహా ఇస్తారు. ఆ గుట్టల్లో లోపలి గోడలకి వాడిన సరిగా కాలని ఇటుకలు కలిసి ఉంటాయి, వాటిని బయట పెడితే మంచుకి పొడి అవుతాయి. రెండిటిని కొట్టి చూడాలి. గట్టిగా మోగేది బయటికి, దభ్ మనేది లోపలికి.

చిమ్నీ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. పై మీటరున్నర వాన గాలి వైపు నుంచి అవతలికి వంగింది, పొగలోని సల్ఫేట్లు తడి ఎక్కువ తగిలే వైపు జాయింట్లని ఉబ్బించాయి. ఆ భాగం మాత్రం అవే ఇటుకలతో ఎన్‌హెచ్‌ఎల్ 3.5లో తిరిగి కట్టారు. వాడని గొట్టాలకి పైన గాలి ఆడే మూత, కింద గదిలో గ్రిల్.

రెండు చలికాలాల తర్వాత

కొత్త దూలంలో తడి 17 శాతం. పక్కనున్న పాత నిలువు కొయ్యల మొదళ్లు 28 నుంచి 19కి దిగాయి. అక్కడ పాత డెత్‌వాచ్ బీటిల్ (కలప తొలిచే పురుగు) రంధ్రాలున్నాయి, మందు కొట్టలేదు. తడి తగ్గితే దానికి తిండి తగ్గుతుంది. ఏడు ప్లంబ్ గీతల్లో ఏదీ 1 మి.మీ. మించి కదల్లేదు. ఎడమ గది గోడలో ఉప్పు మరకలు ఇంకా వానల్లో ముదురుతున్నాయి. లోపలి సున్నపు గిలాబా ఆ ఉప్పుని లాక్కుంటోంది. కింది 600 మి.మీ. గిలాబా ఒకసారి మార్చాల్సి వస్తుందని యజమానులకి ముందే చెప్పి ఉంచాం, అక్కడ సున్నం వెల్ల తప్ప ప్లాస్టిక్ పెయింట్ వేయొద్దని కూడా.

సిమెంటు తీయలేక వదిలిన చోట్లు మొత్తం నాలుగు చదరపు మీటర్లు, ఎక్కువగా తలుపుకి కుడివైపు. ప్రతి మార్చిలో ఆ భాగం ఫోటో తీసి పాత దానితో పోల్చుతున్నారు. సిమెంటు దానంతట అది వదులైన చోట ఆ వేసవిలోనే తీసి సున్నం పెట్టాలి. మొదటి మార్చిలో రెండు జాయింట్లు వచ్చాయి.